ఏది చరరాశి, ఏది స్థిరరాశి: తేల్చేది అక్షరం కాదు, ప్రశ్న

బడిలో బీజగణితం మొదలయ్యే చోట రెండు నిర్వచనాలు జంటగా వస్తాయి. విలువ మారేది చరరాశి, మారనిది స్థిరరాశి. పిల్లలు వాటిని బట్టీ పట్టి పరీక్షలో రాస్తారు, మార్కులు కూడా పడతాయి. నాలుగు పేజీలు తిప్పాక "ఎక్స్ + 5 = 12 అయితే ఎక్స్ విలువ ఎంత?" అని ఒక లెక్క ఎదురవుతుంది. జవాబు 7. ఆరున్నర కాదు, ఎనిమిది కాదు, ఏడే. మరి ఇందులో మారిందేమిటి? మారుతూ ఉండాల్సిన రాశి ఒకే ఒక్క విలువ దగ్గర కదలకుండా కూర్చుంటే, దాన్ని చరరాశి అని ఎలా అంటాం?

ఇది అల్లరి ప్రశ్న కాదు. చాలామందికి ఈ అనుమానం వస్తుంది, అడిగితే నవ్వుతారేమోనని ఊరుకుంటారు, అక్కడి నుంచి బీజగణితం అర్థం కాని తంతుగా మారిపోతుంది. అటుది ఇటు వేస్తే గుర్తు మారుతుంది, కింద ఉన్నది పైకి పోతుంది అని చేతులు అలవాటు పడతాయి గానీ, ఆ అక్షరం అక్కడ ఎందుకుందో తెలియదు. తప్పు పిల్లలది కాదు. బీజగణితంలో అక్షరం ఒక్క పని చేయదు, నాలుగైదు పనులు చేస్తుంది. వాటన్నిటికీ కలిపి "చరరాశి" అని ఒకే పేరు పెట్టి వదిలేయడమే ఈ చిక్కుకు మూలం.

ఒక మాట ముందే చెప్పాలి. ఇక్కడ ఎక్స్, వైలకు బదులు క, చ, ప లాంటి తెలుగు అక్షరాలే వాడతాను. లెక్కకు ఏ అక్షరమైనా ఒకటే. రెండు అక్షరాలను పక్కపక్కన రాస్తే మాటలా కనిపిస్తుంది కాబట్టి వాటి మధ్య గుణకారం గుర్తు పెడతాను. 3క అన్నచోట మాత్రం బడిలో లాగే, 3 × క అని అర్థం.

నూటికి రెండు

ఊళ్లలో అప్పు మాట వస్తే ఏడాదికి ఇంత శాతం అనేవాళ్లు తక్కువ. "నూటికి రెండు" అంటారు, లేదా ఉత్త "రెండు రూపాయల వడ్డీ" అంటారు. వంద రూపాయలకు నెలకు రెండు రూపాయలని దానర్థం. బ్యాంకు భాషలో చెబితే ఏడాదికి 24 శాతం. దీన్ని అక్షరాల్లో పెడదాం. అసలు అ, నూటికి నెలకు పడే వడ్డీ ధర ధ, నెలలు న, కట్టాల్సిన మొత్తం వడ్డీ వ. చక్రవడ్డీ జోలికి పోకుండా బారువడ్డీయే అనుకుంటే,

వ = అ × ధ × న ÷ 100

ఇందులో చరరాశులు ఏవి, స్థిరరాశులు ఏవి? ఆ 100 స్థిరం, అంతవరకు ఖాయం. మిగతా నాలుగు అక్షరాల గురించి ఉత్త సూత్రం చూసి ఏమీ చెప్పలేం. ఎవరు, ఎందుకు లెక్క వేస్తున్నారో తెలిస్తేనే చెప్పగలం.

ఒక రైతు విత్తనాలకూ ఎరువులకూ 50,000 రూపాయలు నూటికి రెండు చొప్పున తెచ్చుకున్నాడు. అప్పు చేతికొచ్చేసింది, ధర ఖాయమైపోయింది. ఆయనకు ఇక కదిలేది నెలలు ఒక్కటే. 50,000 × 2 ÷ 100 అంటే 1000 కాబట్టి ఆయన సూత్రం వ = 1000 × న. పంట ఐదు నెలలకు అమ్ముడైతే వడ్డీ 5,000, మంచి ధర కోసం ఆగి తొమ్మిదో నెలలో అమ్మితే 9,000. ఇక్కడ న కదులుతుంటే వ దాని వెంట కదులుతోంది. అ, ధ రెండూ అక్షరాలే అయినా ఆయన దృష్టిలో రాయిలా ఆగిపోయిన సంఖ్యలు.

అదే 50,000 ఏడాదికి కావాల్సిన ఇంకొకరు, ఇంకా ఎవరి దగ్గరా తీసుకోలేదు. నలుగురిని అడిగి చూస్తున్నారు. ఆవిడకు అసలు, కాలం ఖాయం. మారేది ధర. 50,000 × 12 ÷ 100 అంటే 6000. కాబట్టి ఆవిడ సూత్రం వ = 6000 × ధ. రూపాయిన్నర వడ్డీకి దొరికితే ఏడాదికి 9,000, రెండుకైతే 12,000, మూడుకైతే 18,000. రైతుకు స్థిరంగా ఉన్న ధ ఇక్కడ చరరాశి అయింది, ఆయనకు చరరాశి అయిన న ఇక్కడ 12 దగ్గర ఆగిపోయింది.

మూడో మనిషి చిన్న కొట్టు పెట్టాలనుకుంటున్నాడు. "ఏడాదిలో వడ్డీ కింద 18,000 దాటితే నావల్ల కాదు. నూటికి రెండు చొప్పున ఎంతవరకు తేవచ్చు?" అని ఆయన ప్రశ్న. ఇప్పుడు వ, ధ, న మూడూ తెలుసు. 18,000 = అ × 24 ÷ 100. అంటే అ = 75,000. ఇందులో కదిలేదంటూ ఏమీ లేదు. ఉన్నది ఒక తెలియని సంఖ్య మాత్రమే. దాన్ని పట్టుకోవాలి.

సూత్రంలో ఒక్క గీత మారలేదు. ప్రశ్న మారింది, దాంతో అక్షరాల పాత్రలు మారాయి. "చరరాశి" అనేది అక్షరానికి పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఒక లెక్కలో దానికి మనం అప్పజెప్పిన పని. పరీక్షల్లో "కింది వాటిలో చరరాశిని గుర్తించండి" అని ఒక సమాసం (అక్షరాలూ అంకెలూ కలిపిన రాత) ఇచ్చి వదిలేసే ప్రశ్న నాకెప్పుడూ సగం ప్రశ్నలానే కనిపిస్తుంది.

మరి ఆ 7 సంగతి?

ఇప్పుడు క + 5 = 12 దగ్గరికి వద్దాం. దీన్ని రెండు ముక్కలుగా చూడాలి. ముందు క + 5 అనేది ఒక్కటే ఉందనుకోండి. ఇది సమాసం, సమీకరణం కాదు. క స్థానంలో 1 పెడితే 6, 100 పెడితే 105, అర పెడితే ఐదున్నర. ఏదైనా పెట్టుకోవచ్చు, ఎవరూ కాదనరు. ఇప్పుడు దాని పక్కన "= 12" అని రాశాం. దాంతో ఒక షరతు వచ్చింది. క పెట్టుకోదగ్గ సంఖ్యలన్నిటిలో ఏది ఈ షరతును నిలబెడుతుంది? 5 పెడితే 10, కుదరలేదు. 6 పెడితే 11, అదీ కుదరలేదు. 7 పెడితే 12, కుదిరింది.

ఇక్కడ గమనించాల్సింది ఆ కుదరని ప్రయత్నాలను. 6 సరిపోదని మనం తేల్చగలిగామంటే, క స్థానంలో 6ను పెట్టి చూసే వీలు ఉందనేగా. ఆ చోటు ఏ సంఖ్యకైనా తెరిచి ఉంది కాబట్టే పెట్టి చూశాం, కాదని తీసేశాం. అందుకే అది చరరాశి. జవాబు ఒక్కటే కావడం ఆ అక్షరం గుణం కాదు, షరతు ప్రభావం. షరతు మార్చి క × క = 49 అనండి, 7తో పాటు −7 కూడా సరిపోతుంది. క > 7 అనండి, లెక్కలేనన్ని సంఖ్యలు సరిపోతాయి. క = క + 1 అనండి, ఒక్కటీ దొరకదు. నాలుగింటిలోనూ క అదే క.

అందుకని "విలువ మారేది" అనే నిర్వచనం కంటే "విలువ ఇంకా తేల్చని స్థానం" అంటే పిల్లలకు తక్కువ తికమక అని నా అభిప్రాయం. "మారేది" అనగానే ఏదో కదులుతూ ఉండాలని ఊహ వస్తుంది. కొన్నిచోట్ల నిజంగానే కదులుతుంది, రైతు నెలల్లాగా. కొన్నిచోట్ల ఏమీ కదలదు, దాగి ఉంటుంది అంతే.

రెండూ ఒకేచోట చూడాలంటే ఉష్ణోగ్రతల సూత్రం బాగుంటుంది. సెల్సియస్ డిగ్రీలు స, ఫారెన్‌హీట్ డిగ్రీలు ఫ అయితే

ఫ = 1.8 × స + 32

1.8, 32 రెండూ స్థిరాలు, ఆ రెండు కొలమానాలు ఉన్నంతకాలం అవి మారవు. స, ఫ రెండూ చరరాశులు. ఎండాకాలం రామగుండంలో 45 డిగ్రీలు అని వార్తల్లో చెబితే అది ఫారెన్‌హీట్‌లో 113. ఒంటి వేడి 37 అంటే 98.6. ఇలా ఎన్ని జంటలైనా రాసుకుంటూ పోవచ్చు, స కదిలినప్పుడల్లా ఫ కదులుతుంది. ఇప్పుడు ఒక షరతు పెడదాం: రెండు థర్మామీటర్లూ ఒకే అంకె చూపించేది ఎప్పుడు? ఫ స్థానంలో స రాయండి. స = 1.8 × స + 32. అంటే −0.8 × స = 32, స = −40. ఒక్కటే జవాబు. ఇప్పటిదాకా స్వేచ్ఛగా తిరిగిన స, షరతు పడగానే మైనస్ నలభై దగ్గర పట్టుబడింది. అజ్ఞాత రాశి అంటే షరతులో చిక్కిన చరరాశి, అంతకంటే కొత్త జీవి ఏమీ కాదు.

అక్షరానికి ఇంకో పని కూడా ఉంది. క + చ = చ + క అని రాసినప్పుడు మనం ఏ సంఖ్యనూ వెతకడం లేదు, ఏదీ కదలడం లేదు. ఏ రెండు సంఖ్యలను తీసుకున్నా కూడే వరస మార్చితే ఫలితం మారదని ఒక వాక్యం చెబుతున్నాం. (క + 1)² = క² + 2క + 1 కూడా అంతే. దీన్ని సర్వసమీకరణం అంటారు. దీన్ని చూసి "క విలువ ఎంత వచ్చింది?" అని అడిగితే జవాబుండదు, అన్ని విలువలూ సరే. చిక్కేమిటంటే, షరతు పెట్టే సమీకరణానికీ, ఎప్పుడూ నిజమయ్యే సర్వసమీకరణానికీ గుర్తు ఒకటే, ఆ జంట గీతలు. 1557లో రాబర్ట్ రికార్డ్ అనే వేల్స్ పండితుడు ఆ గీతలను అచ్చులోకి తెచ్చాడు. అప్పటి నుంచీ దాని భారం పెరుగుతూనే వచ్చింది.

ఒకే అక్షరం, ఒకే విలువ

చిన్న తరగతుల్లో ఖాళీ గడి గీసి "□ + 5 = 12, గడిలో ఏముండాలి?" అని అడుగుతారు. మంచి పద్ధతే. కానీ గడి నుంచి అక్షరానికి వచ్చేటప్పుడు ఒక నియమం కొత్తగా చేరుతుంది, దాన్ని విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. □ + □ = 10 అని రాసి పిల్లలకిస్తే 3, 7 అని నింపేస్తారు, 4, 6 అని నింపేస్తారు. గడులు రెండు కదా, అందులో తప్పేమీ లేదు. కానీ క + క = 10 అంటే 5 తప్ప వేరే దారి లేదు. ఒక లెక్కలో ఒక అక్షరం ఎన్నిచోట్ల కనిపించినా అన్నిచోట్లా ఒకే విలువ. లెక్క పూర్తయ్యేదాకా మాట మార్చకూడదు. తర్వాతి లెక్కలో కొత్తగా మొదలుపెట్టవచ్చు.

దీనికి తిరగేసిన అపోహ కూడా ఉంది: వేర్వేరు అక్షరాలంటే వేర్వేరు సంఖ్యలేనని. అలా నియమమేమీ లేదు. క + చ = 10లో క 5, చ 5 కావచ్చు. అక్షరాలు రెండయితే వాటిని విడివిడిగా ఎంచుకునే స్వేచ్ఛ ఉందని మాత్రమే అర్థం, తప్పనిసరిగా తేడా ఉండాలని కాదు.

1970ల చివర్లో ఇంగ్లండ్ బడిపిల్లల మీద పరిశోధన చేసిన డీట్మార్ కూష్మన్, పిల్లలు అక్షరాన్ని ఆరు రకాలుగా అర్థం చేసుకుంటున్నారని వర్గీకరించాడు. ఆ పరిశోధనలో అడిగిన ఒక ప్రశ్న నాకు చాలా ఇష్టం. దాన్ని మన అక్షరాల్లో రాస్తే: క + చ = 8 అయితే, క + చ + ట ఎంత? సరైన జవాబు 8 + ట. అంతే, అక్కడే ఆగాలి. చాలామంది పిల్లలు ఆగలేకపోయారు. కొందరు 12 రాశారు. 8ని రెండు నాలుగులుగా పంచి, మూడోదానికీ ఒక నాలుగు ఇచ్చేశారు. ఇంకొందరు 9 రాశారు, అక్షరమంటే ఒకటి అనుకుని. 8 + ట అనేది "పూర్తి కాని లెక్క"లా కనిపించడమే అసలు ఇబ్బంది. అంకగణితంలో కూడిక గుర్తు ఉందంటే కూడేయాలి. బీజగణితంలో కూడలేనప్పుడు ఆ గుర్తుతోనే జవాబుగా వదిలేయాలి. మన దగ్గర 3క + 4 చూసి 7క రాసేసే పిల్లలదీ ఇదే తొందర. సజాతి పదాలు, విజాతి పదాలు అని ఎంత వల్లె వేయించినా, జవాబంటే ఒకే ముక్కగా ఉండాలన్న నమ్మకం పోనంతవరకు ఆ 7క పోదు.

ఆరు గుర్రాలు, పది గుర్రాలు

భాస్కరాచార్యుడు 12వ శతాబ్దంలో రాసిన బీజగణిత గ్రంథంలో ఒక లెక్క ఉంది. ఒకడి దగ్గర ఆరు గుర్రాలు, 300 రూపాల డబ్బు ఉన్నాయి. రెండోవాడి దగ్గర అదే ధర పలికే పది గుర్రాలున్నాయి గానీ 100 అప్పుంది. ఇద్దరి ఆస్తీ సమానం. గుర్రం ధర ఎంత?

దాన్ని ఆయన పద్ధతిలో రాస్తే ఇలా ఉంటుంది. రెండు పక్షాలనూ ఒకదాని కింద ఒకటి పెడతారు:

యా 6 రూ 300
యా 10 రూ 100

కింది 100 నెత్తిన ఒక చుక్క ఉంటుంది. అది ఋణం అన్న గుర్తు. "యా" అంటే యావత్తావత్తు, తెలియని రాశి. "రూ" అంటే రూపం, తెలిసిన సంఖ్య, మన మాటల్లో స్థిరపదం. తెలియని రాశులు ఒకటికి మించితే రంగుల పేర్లు వస్తాయి: కాలకానికి కా, నీలకానికి నీ, పీతకానికి పీ. తెలియని రాశులకు రంగుల పేర్లు పెట్టడం 628లో రాసిన బ్రహ్మగుప్తుడి దగ్గరే కనిపిస్తుంది.

ఈ అమరికలో నాకు నచ్చేది "రూ". మనం క + 5 అని రాసినప్పుడు 5కు ఏ పేరూ ఉండదు, ఒంటరిగా నిలబడుతుంది. వాళ్లు దానికీ ఒక ముద్ర వేశారు. యాలను యాలతో, రూలను రూలతో మాత్రమే కలపాలన్నది కంటికే కనిపిస్తుంది. 3క + 4ను 7క చేసే అవకాశమే ఉండదు, యా 3 రూ 4లో ఏది దేనితో కలుస్తుంది? పదిలోంచి ఆరు యాలు తీసేస్తే యా 4. 300లోంచి ఋణం 100 తీసేస్తే రూ 400. నాలుగు గుర్రాలు 400, గుర్రం 100.

ఆ లెక్కలో ఇంకో మెలిక ఉంది. "యా 6" అంటే ఆరు గుర్రాలా? కాదు. ఆరు గుర్రాల ధర. యా అనేది గుర్రం కాదు, గుర్రం ధర, ఒక సంఖ్య. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, పెద్ద చదువులు చదివినవాళ్లను కూడా బోల్తా కొట్టిస్తుంది. 1980ల మొదట్లో అమెరికాలో కాలేజీ విద్యార్థులకు ఒక వాక్యం ఇచ్చారు: "ఈ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ల కంటే విద్యార్థులు ఆరు రెట్లు ఉన్నారు." విద్యార్థుల సంఖ్య వి, ప్రొఫెసర్ల సంఖ్య ప్రొ అనుకుని సమీకరణం రాయమన్నారు. కాలిక్యులస్ చదివే స్థాయి విద్యార్థుల్లో కూడా మూడో వంతుకు పైగా తప్పు రాశారు. ఎక్కువగా వచ్చిన తప్పు 6 × వి = ప్రొ. వాక్యంలో ఆరు విద్యార్థుల పక్కన ఉంది కదా అని అక్కడే అంటించేశారు. వాళ్ల మనసులో వి అంటే విద్యార్థి అనే మనిషి, ఆరుగురు విద్యార్థులకు ఒక ప్రొఫెసర్. కానీ వి ఒక సంఖ్య. 60 మంది విద్యార్థులకు 10 మంది ప్రొఫెసర్లుంటే 6 × 60 = 10 అవుతుందా? సరైనది వి = 6 × ప్రొ. సంఖ్యలు పెట్టి చూసిన ఒక్క క్షణంలో తప్పు బయటపడుతుంది, అలా పెట్టి చూసే అలవాటు లేకపోవడమే లోటు.

ఇందుకే "3మా + 2అ అంటే మూడు మామిడిపళ్లు, రెండు అరటిపళ్లు" అని చెప్పే పాఠం నాకు మింగుడుపడదు. మొదటి రోజు పని జరిగిపోతుంది, నిజమే. మామిడిపళ్లనూ అరటిపళ్లనూ కలపకూడదని పిల్లలు ఒప్పుకుంటారు. రేపు మా × అ వస్తే? మామిడిపండు ఇంటూ అరటిపండు ఏమిటి? మా² అంటే చదరపు మామిడా? మామిడిపండు ధర మా అని మొదటే చెబితే ఈ గొడవ రాదు.

స్థిరరాశికి అక్షరం ఎందుకు?

భాస్కరుడి పద్ధతిలో తెలియనిదానికి అక్షరం ఉంది, తెలిసినదానికి మాత్రం అచ్చమైన అంకె ఉంది. ఆరు గుర్రాలు, 300, 100. గుర్రాలు ఎన్నైనా, డబ్బెంతైనా వర్తించే నియమం చెప్పాలంటే శ్లోకంలో మాటలతో చెప్పారు. అంతకు మూడు శతాబ్దాల ముందు, బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ అయితే లెక్క మొత్తాన్నీ వాక్యాల్లోనే రాశాడు.

1591లో ఫ్రాన్స్‌కు చెందిన ఫ్రాంస్వా వియెట్ తెలిసిన సంఖ్యలకు కూడా అక్షరాలు పెట్టాడు. తెలియనివాటికి అచ్చులు, తెలిసినవాటికి హల్లులు. 1637లో డెకార్ట్ ఈ ఏర్పాటును మార్చి, రోమన్ అక్షరమాలలో చివరివైన ఎక్స్, వై, జెడ్‌లను తెలియనివాటికి, మొదటివైన ఏ, బీ, సీలను తెలిసినవాటికి కేటాయించాడు. బడిలో మనకు ఎక్స్ తగులుకున్నది ఆయన వల్లే.

నా దృష్టిలో ఎక్స్ కంటే ఆ ఏ, బీ, సీలే పెద్ద ముందడుగు. తెలియనిదానికి పేరు పెట్టుకోవాలన్న ఆలోచన ఎవరికైనా తట్టవచ్చు. తెలిసిన అంకెను కూడా "ఎంతైనా కానీ" అని అక్షరంగా ఉంచేయడం అలా కాదు. దాంతో ఒక లెక్కకు జవాబు కాకుండా, ఆ కుటుంబంలోని లెక్కలన్నిటికీ ఒకేసారి జవాబు వచ్చేస్తుంది. పదో తరగతి వర్గ సమీకరణం సూత్రం అదే. ప × క² + ఫ × క + బ = 0 అని రాసి, ప, ఫ, బ లు స్థిరరాశులు అంటారు, ఆ వెంటనే అవి ఏ వాస్తవ సంఖ్యలైనా కావచ్చు, ప మాత్రం సున్నా కాకూడదు అంటారు. ఏ సంఖ్యైనా కావచ్చంటే మరి స్థిరం ఎలా అయింది?

ఇక్కడ చూడాల్సింది వరస. ముందు ప, ఫ, బ లను ఎంచుకుంటాం, ఎంచుకున్నాక వాటిని కదపం. ఆ తర్వాతే క కోసం వెతుకుతాం. ముందు ఎంచుకుని ఆపేసినవి స్థిరం, ఆపిన తర్వాత కూడా కదలగలిగేది చరం. సరళరేఖ సమీకరణం చ = మ × క + స కూడా ఇంతే. వాలు మ, ఖండం (గీత నిలువు అక్షాన్ని తాకే చోటు) స ఖాయం చేయగానే ఒక గీత దొరికింది. ఆ గీత మీద నడుస్తున్నప్పుడు క, చ మారుతుంటాయి, మ, స మారవు. ఇంకో గీత కావాలంటే మ, స లను మార్చుకుని మళ్లీ మొదలుపెట్టాలి. ఇలాంటి అక్షరాలకు పై తరగతుల్లో పరామితి అని పేరు. ఆరో తరగతిలోనే ఆ పేరు చెప్పనక్కర్లేదు గానీ, స్థిరరాశుల్లోనూ రకాలున్నాయని ఒక్క మాట చెబితే ఇంటర్‌లో ఇంత గాభరా ఉండదు.

ఆ రకాలను తొందరగా చెప్పేస్తాను. 7, అర, √2 లాంటివి ఎవరు ఎప్పుడు చూసినా అవే. వృత్తం చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చే పై (π) కూడా ఈ జాతిదే. అక్షరంతో రాస్తాం గానీ అది చరరాశి కాదు, ఒకానొక సంఖ్యకు పేరు. 22/7 అనేది దానికి దగ్గరి విలువే తప్ప అదే కాదు. ఆర్యభటుడు 62832/20000 అంటే 3.1416 అని ఇస్తూ, ఇది దగ్గరి విలువేనని ఆనాడే చెప్పాడు. భౌతికశాస్త్రంలో గురుత్వ త్వరణం, అంటే కింద పడే వస్తువు వేగం సెకనుకు ఎంత పెరుగుతుందో చెప్పే సంఖ్య, వేరే రకం. లెక్కలో 9.8 అని స్థిరంగా తీసుకుంటాం, కానీ భూమధ్యరేఖ దగ్గర సుమారు 9.78, ధ్రువాల దగ్గర సుమారు 9.83. చంద్రుడి మీద 1.6 చిల్లర. మేడ మీంచి రాయి వదిలే లెక్కలో అది స్థిరం. భూమి ఆకారాన్ని కొలిచేవాళ్లకు అదే చరరాశి, వాళ్ల పనంతా ఆ తేడాలతోనే.

కోడింగ్ నేర్చుకునేవాళ్లకు ఇంకో తలనొప్పి. అక్కడ "కౌంట్ = కౌంట్ + 1" అని నిక్షేపంగా రాస్తారు. బీజగణితంలో అది అసాధ్యం, రెండువైపులా కౌంట్ తీసేస్తే 0 = 1 మిగులుతుంది. ప్రోగ్రాములో ఆ గుర్తు సమానం అని చెప్పడం లేదు. కుడివైపు లెక్క చేసి వచ్చినదాన్ని ఎడమవైపు పేరున్న చోట దాచమని ఆజ్ఞ ఇస్తోంది. అందుకే పాస్కల్ లాంటి భాషలు ఈ పనికి సమానం గుర్తు ముందు రెండు చుక్కలు చేర్చి వేరే గుర్తు వాడాయి. ప్రోగ్రాములో చరరాశి నిజంగానే సమయంతో పాటు మారుతుంది. లెక్కల్లో చరరాశి ఒక లెక్క మధ్యలో మారదు. పేరు ఒకటే, పద్ధతులు వేరు.

పరామితుల దగ్గర ఒక జాగ్రత్త చెప్పి ముగిస్తాను, ఎందుకంటే మార్కులు ఇక్కడే పోతాయి. ప × క = ఫ అని ఇచ్చి క కనుక్కోమంటే, చెయ్యి దానంతటదే క = ఫ ÷ ప అని రాసేస్తుంది. 3క = 12లో అలాగే చేశాం కదా. కానీ 3 కళ్ల ముందు ఉంది, అది సున్నా కాదని తెలుసు. ప అక్షరం వెనక ఏముందో తెలియదు. ప సున్నా కాకపోతే జవాబు ఒక్కటే, ఫ ÷ ప. ప సున్నా అయి ఫ సున్నా కాకపోతే, 0 × క = 5 లాంటిది తయారవుతుంది, ఏ సంఖ్య పెట్టినా కుదరదు. ప, ఫ రెండూ సున్నాలైతే 0 × క = 0. అప్పుడు ఏ సంఖ్య పెట్టినా కుదురుతుంది, క కు ఉన్న షరతు ఉత్తదైపోతుంది. ఒక గీతలో రాసిన ఆ చిన్న సమీకరణానికి మూడు జవాబులు రాయాలి, మూడింటికీ ప, ఫ ల మీద ఏ షరతో పక్కనే రాయాలి.